లారా 1.8 టీఎస్‌ఐ ఇంజిన్ దింపి, కట్టి, పవర్ పెంచిన నా అనుభవం

బండి 2012 స్కోడా లారా, 1.8 టీఎస్‌ఐ పెట్రోల్, ఆరు గేర్ల మాన్యువల్. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ లెక్కన 160 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎం టార్క్. నా లక్ష్యం 240 పీఎస్. విజయవాడ ఎండలో, బంకులో దొరికే 95 ఆక్టేన్ పెట్రోల్ మీద, రోజూ నడుపుకునేలా ఉండాలి. పని 2025 ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగింది. ఈ పని చేయించాలనుకునేవాళ్లకు ఎక్కడ డబ్బు పోతుందో, ఎక్కడ వారాలు పోతాయో ముందే తెలిస్తే మేలు కాబట్టి వరసగా రాస్తున్నాను.

అసలు విప్పాల్సి వచ్చింది పవర్ కోసం కాదు, ఆయిల్ కోసం. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు లీటరు తాగుతోంది. కంపెనీ మాన్యువల్ ప్రకారం అర లీటరు దాకా మామూలే, ఆ పైన రోగమే. ఈ ఈఏ888 (వోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇంజిన్ల వరస) రెండో తరం ఇంజిన్‌కి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. రాపిడి తగ్గించడానికి ఆయిల్ రింగులు సన్నగా, తక్కువ బిగువుతో పెట్టారు. రింగు వెనకాల పిస్టన్‌లో ఆయిల్ కిందికి జారే రంధ్రాలు కూడా చిన్నవి. అవి మసితో మూసుకుపోగానే గీకిన ఆయిల్‌కి దారి ఉండదు, పైకి వెళ్లి కాలిపోతుంది. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) మార్చినా, చిక్కటి ఆయిల్ పోసినా కొన్నాళ్లు నెమ్మదిస్తుంది తప్ప పోదు. ఎలాగూ పిస్టన్లు బయటికి రావాల్సిందే అయినప్పుడు, మళ్లీ అవే పిస్టన్లు వేసి మూసేయడం నాకు దండగ అనిపించింది.

ఫిబ్రవరి రెండో వారంలో, ఇంజిన్ ఇంకా బండిలో ఉండగానే పరీక్షలు చేయించాం. ఈ అంచె దాటేయకండి. వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ చూస్తే ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో 11 బార్ పైన, మూడో దాంట్లో 9 బార్ వచ్చింది. మాన్యువల్ ప్రకారం కొత్త ఇంజిన్‌కి 11 నుంచి 14, అరుగుదల హద్దు 7, సిలిండర్ల మధ్య తేడా 3 దాటకూడదు. అంటే కాగితం మీద ఇంజిన్ పాసైనట్టే. కానీ మూడో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 11 దాటింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే కారుతున్నది రింగుల దగ్గర, వాల్వ్‌ల దగ్గర కాదు. ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపితే అదే సిలిండర్ గోడ మీద నిలువు గీతలు కనిపించాయి. ఈ పరీక్షలన్నిటికీ అయింది 4,000 రూపాయలే. హెడ్డు మీద అనవసరంగా పెట్టబోయే డబ్బు వాటివల్లే మిగిలింది.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి దింపి, విడదీసి, పూర్తిగా విప్పడానికి మూడు పనిదినాలు పట్టింది. విప్పేటప్పుడు తెలియకపోతే విరిగిపోయేవి రెండున్నాయి. వాటర్ పంపు తిప్పే చిన్న పళ్ల చక్రం బోల్టుకి ఎడమ మర. ఇన్‌టేక్ క్యామ్ ముందుండే కంట్రోల్ వాల్వ్‌కీ ఎడమ మరే. దాన్ని మామూలు పానాతో పట్టుకుంటే తల చెడిపోతుంది, దానికంటూ ఒక టూలుంది. మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుసుకుని తెగిపోతాయి. మా మేస్త్రీకి వోక్స్‌వ్యాగన్ బళ్ల మీద చెయ్యి తిరిగి ఉండబట్టి సరిపోయింది. మీ మేస్త్రీని ఈ రెండిటి గురించి అడగండి. తడుముకుంటే వేరే మేస్త్రీని చూసుకోవడం మంచిది.

లోపల కనిపించినవి ఇవి. నాలుగు పిస్టన్ల ఆయిల్ రింగులూ గాడిలో అతుక్కుపోయి ఉన్నాయి, గోరుతో నొక్కితే కదలడం లేదు. ఇన్‌టేక్ వాల్వ్‌ల వెనక మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన నల్లటి పొర. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొడుతుంది కాబట్టి వాల్వ్‌ని కడిగేది ఏమీ లేదు, ఈ ఇంజిన్లలో అది ఎప్పుడూ ఉండేదే. టైమింగ్ చైన్ టెన్షనర్ పాత రకం. వెనక్కి జారకుండా పట్టుకునే పళ్లు అరిగితే, ఆయిల్ ప్రెషర్ లేని క్షణంలో, అంటే పొద్దున్నే స్టార్ట్ చేసే క్షణంలో, చైన్ వదులై పన్ను దూకుతుంది. అప్పుడు వాల్వ్‌లు వంగి హెడ్డే పోతుంది. మీ బండిలో పాత టెన్షనర్ ఉంటే పవర్ సంగతి తర్వాత, ముందు దాన్ని మార్పించండి. క్యామ్‌ల ముందుండే బ్రిడ్జిలో ఒక చిన్న ఆయిల్ జల్లెడ ఉంటుంది. అది చిరిగి ముక్కలు ఆయిల్ దారుల్లో పడ్డ ఇంజిన్లు ఉన్నాయి. మాది నిలిచే ఉంది.

ఇక్కడే ఈ పని మొత్తంలో నేను గట్టిగా నమ్మే మాట చెప్పాలి. కొలతలు పూర్తయ్యేదాకా ఒక్క పార్టు కూడా ఆర్డర్ పెట్టకూడదు. నెట్లో చూసి ముందే పిస్టన్లు తెప్పించుకుని, తర్వాత ఇంజిన్ విప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఇంజిన్లలో పిస్టన్ పిన్ను 21 మిల్లీమీటర్లదీ ఉంది, 23 మిల్లీమీటర్లదీ ఉంది. బండి మోడల్ పేరు చెబితే అమ్మేవాడు ఏదో ఒకటి పంపిస్తాడు. మా వివరాలకు ఒక కేటలాగ్ వేరే సైజు చూపిస్తే, మైక్రోమీటర్ 21 చూపించింది. బోరు కూడా అంతే. అసలు బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 82.5 మిల్లీమీటర్లు. మూడో సిలిండర్‌లో గీతలు హోనింగ్‌తో (రాయితో గోడని సన్నగా రుద్దడం) పోయేంత పైపైన లేవు. అందుకే 83 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుకి వెళ్లాలని అప్పుడు తేలింది. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 84.1 అలాగే ఉంటుంది కాబట్టి 1798 సీసీ కాస్తా 1820 అవుతుంది. క్రాంక్ జర్నల్స్ అన్నీ సైజులోనే ఉన్నాయి, పాలిష్ చాలు అన్నారు. హెడ్డు మీద సమతలం పట్టీ పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే ఎక్కడా 0.03 దాటలేదు, హద్దు 0.05.

ఫేసింగ్ (హెడ్డు అడుగు తలాన్ని చెక్కి సమం చేయడం) విషయంలో లేత్ షాపుతో కొంచెం వాదన జరిగింది. హెడ్డు వచ్చిందంటే ఫేసింగ్ కొట్టేయడం మన దగ్గర అలవాటు. ఈ ఇంజిన్‌లో అవసరం లేకుండా కొట్టకూడదు. కొట్టిన మేర కంప్రెషన్ పెరుగుతుంది, క్యామ్‌లు కిందికి దిగి చైన్ టైమింగ్ జరుగుతుంది, ముందు వైపు టైమింగ్ కవర్ అంచు హెడ్డు అంచుతో కలవక ఆయిల్ కారుతుంది. టర్బో ఇంజిన్‌లో పవర్ పెంచబోతూ కంప్రెషన్ కూడా పెంచుకోవడం డిటొనేషన్‌ని (పెట్రోల్ అదుపు లేకుండా పేలినట్టు మండటం) పిలిచి కూర్చోబెట్టుకోవడమే.

మార్చి మొదటి వారంలో ఆర్డర్ పెట్టాం: 83 మిల్లీమీటర్ల ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా నొక్కి చేసిన) పిస్టన్లు, 9.5 కంప్రెషన్‌వి, 21 పిన్నుతో. ఫోర్జ్‌డ్ రాడ్లు, ఏఆర్‌పీ కంపెనీ బోల్టులతో. 240 పీఎస్‌కి కంపెనీ రాడ్లు కూడా ఓర్చుకుంటాయి. కానీ పిస్టన్లు దిగుమతి అవుతున్నప్పుడు రాడ్లు విడిగా మరోసారి తెప్పించుకోవడం కంటే కలిపి తెప్పించుకోవడమే చౌక. పిస్టన్లు, రాడ్లు కలిపి 1,05,000. కస్టమ్స్, ఐజీఎస్టీ, కొరియర్ వాళ్ల చార్జీలు మరో 52,000. అంటే సామాను ధరలో సగం పన్నులకే. పార్సెల్ కేవైసీ కాగితాల దగ్గర ఆగింది, ఇన్వాయిస్‌లో పార్టుల వివరణ సరిపోలేదని ఇంకోసారి ఆగింది. ఏప్రిల్ రెండో వారానికి చేతికొచ్చింది. ఈ నిరీక్షణ కుదురుగా ఉండనివ్వదు. ఇంజిన్ ముక్కలు ట్రేల్లో, బండి జాకీల మీద, రోజూ ట్రాకింగ్ పేజీ చూసుకోవడం. ఆ లోపు చేయగలిగిన పనులు పెట్టుకోవాలి. హెడ్డు వాల్వ్‌లు శుభ్రం చేయించి ల్యాపింగ్, కొత్త వాల్వ్ సీళ్లు, ఇంజెక్టర్లు పరీక్షకు పంపడం, టర్బో పని అన్నీ అప్పుడే పూర్తి చేయించాం.

బోరు మాత్రం పిస్టన్లు వచ్చేదాకా ముట్టుకోలేదు. బోరు కొట్టేది పిస్టన్ డబ్బా మీద రాసిన సైజుకి కాదు, చేతిలో ఉన్న పిస్టన్‌కి. ఒక్కో పిస్టన్‌ని స్కర్టు దగ్గర, తయారీదారు చీటీలో చెప్పిన ఎత్తులో కొలిచి, దానికి 0.08 మిల్లీమీటర్ల క్లియరెన్స్ కలిపి ఆ సిలిండర్‌కి ఆ నంబర్ రాసి ఇచ్చాం. మామూలు పోత పిస్టన్‌కి ఇంత వదిలితే టకటక కొట్టుకుంటుంది. 2618 రకం ఫోర్జ్‌డ్ అల్యూమినియం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి అంత వదలాల్సిందే. దానివల్ల చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు డీజిల్ లాంటి చప్పుడు వస్తుంది. అది తెలియక చాలామంది భయపడి మళ్లీ విప్పిస్తారు.

హోనింగ్ దగ్గర పట్టుబట్టింది టార్క్ ప్లేటు కోసం. హెడ్డు బోల్టులు బిగిస్తే బ్లాకు ఆ బిగువుకి కొద్దిగా వంకర పోతుంది. హెడ్డు లేకుండా గుండ్రంగా హోన్ చేసిన బోరు, హెడ్డు బిగించాక గుండ్రంగా ఉండదు. అందుకని హెడ్డు స్థానంలో మందపాటి ఉక్కు పలక పెట్టి, గ్యాస్కెట్ వేసి, హెడ్డు బోల్టుల టార్క్‌కే బిగించి, అప్పుడు హోన్ చేయాలి. ఈ ఇంజిన్‌కి ఆటోనగర్‌లో ఎవరి దగ్గరా ప్లేటు లేదు. 40 మిల్లీమీటర్ల పలక కొని, పాత గ్యాస్కెట్‌ని అచ్చుగా పెట్టి కోయించాం. ప్లేటుకే 14,000 అయింది. షాపులో పెద్దాయన మొదట ఒప్పుకోలేదు.

“బాబూ, ప్లేటు లేకుండానే ఇన్నేళ్లూ కొడుతున్నాం, ఒక్క బండీ వెనక్కి రాలా.”

“ఒక్కసారి బిగించి గేజ్ పెట్టి చూద్దాం బాబాయ్. తేడా లేకపోతే మీ ఇష్టం.”

ప్లేటు లేకుండా బోర్ గేజ్ దింపి ముల్లుని సున్నా మీద పెట్టారు. నాలుగు వైపులా తిప్పినా ముల్లు కదల్లేదు. ప్లేటు పెట్టి 40 ఎన్‌ఎం, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు బిగించాక అదే బోరులో అదే లోతులో గేజ్ దింపితే, బోల్టులున్న వైపు ముల్లు 0.02 పక్కకి జరిగింది. పైనుంచి నాలుగు వేళ్ల లోతు దాటాక మళ్లీ సున్నాకి వచ్చింది. రింగు ఎక్కువ ఒత్తిడి భరించేది సరిగ్గా ఆ పై భాగంలోనే. పెద్దాయన ఇంకేం అనలేదు, గేజ్ తుడిచి రాయి మార్చమని కుర్రాడికి చెప్పారు. 280 గ్రిట్ రాయితో సైజుకి తెచ్చి, 400తో కొనలు విరిచారు. బోరింగ్, హోనింగ్, క్రాంక్ పాలిష్, క్రాంక్ నుంచి క్లచ్ ప్లేటు దాకా కలిపి బ్యాలెన్సింగ్ మొత్తం 32,000.

హోన్ చేసిన బ్లాకుని పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో తుడిచి సరిపెట్టకండి. రాయి పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, నూనెలు దాన్ని లోపలికే తోస్తాయి. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షు, అంతే. తర్వాత తెల్ల గుడ్డకి ఆయిల్ అద్ది బోరు తుడవాలి. గుడ్డ మీద బూడిద రంగు కనిపిస్తున్నంతసేపూ మళ్లీ సబ్బు నీళ్లే. ఆయిల్ దారుల మూతలు తీసి సన్నటి బ్రష్షులతో కడిగించాం.

రింగులు ఫైల్-ఫిట్ రకం, అంటే గ్యాప్ మనమే రాసుకోవాలి. పై రింగుకి బోరు సైజుని 0.0055తో హెచ్చిస్తే 0.46 మిల్లీమీటర్లు. రెండో దానికి 0.50 ఉంచాం. రెండోది ఎక్కువెందుకంటే రెండు రింగుల మధ్య చిక్కుకున్న గ్యాస్ కిందికి పోవాలి, లేకపోతే పై రింగుని గాడిలోంచి లేపుతుంది. గ్యాప్ ఎక్కువైతే కాస్త ఆయిల్ పొగ వస్తుంది, తక్కువైతే వేడికి రింగు కొనలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ అంచునే విరగ్గొడతాయి. అందుకే పవర్ పెంచే ఇంజిన్‌లో అనుమానం వచ్చినప్పుడు ఎక్కువ వైపే ఉండాలి.

రాడ్ బేరింగులకి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు కొలిచే సన్నటి ప్లాస్టిక్ తీగ) పెట్టి చూస్తే నాలుగూ 0.04 నుంచి 0.05 మధ్యలో వచ్చాయి. మాన్యువల్ 0.02 నుంచి 0.06 అంటుంది. రాడ్ బోల్టుల్ని టార్క్‌తో కాకుండా సాగుదల గేజ్‌తో బిగించాం. బోల్టు ఎంత సాగిందన్నదే అసలు బిగువు, టార్క్ దానికి అంచనా మాత్రమే.

ఈ ఇంజిన్‌లో ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడని బోల్టుల జాబితా చూసి గుండె గుభేలుమంది. హెడ్డువి, మెయిన్ బేరింగులవి, ఫ్లైవీల్‌వి, క్రాంక్ పుల్లీది, అన్నీ సాగే రకమే. బ్యాలెన్స్ షాఫ్టుల మధ్య ఉండే చిన్న గేరు కూడా కొత్తదే వేయాలి. దాని మీదున్న పూత అరుగుతూ పళ్ల మధ్య సందుని ఏర్పరుస్తుంది, పాతది వేస్తే ఊళ పెడుతుంది. ఇంజెక్టర్ల కొనల్లో టెఫ్లాన్ సీళ్లు కొత్తవి ఎక్కించాలి, వాటికి ఆయిల్ గానీ గ్రీజు గానీ రాయకూడదు. గ్యాస్కెట్లు, సీళ్లు, బోల్టులు, బేరింగులు కలిపి 72,000. చైన్ కిట్, కొత్త రకం టెన్షనర్, గైడ్లు 48,000. ప్లాస్టిక్ హౌసింగ్‌తో వచ్చే వాటర్ పంపు, పీసీవీ, చిల్లర పైపులు 38,000. పవర్ పెంచడానికి ఎంత ఖర్చవుతుందని అడిగేవాళ్లు ఈ లక్షన్నర సంగతి ఎప్పుడూ లెక్కలో వేసుకోరు.

చైన్ టైమింగ్‌లో రంగు లింకులు గుర్తులతో కలిశాక ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పితే లింకులు గుర్తుల దగ్గరికి తిరిగి రావు. టైమింగ్ తప్పిందని కంగారు పడనక్కర్లేదు, చైన్ పొడవుకీ చక్రాల పళ్లకీ ఉన్న లెక్క అలాంటిది. చక్రాల మీది గుర్తులు చూసుకోవాలి.

టర్బో విషయంలో పెద్దది పెట్టలేదు. ఉన్న కే03 హౌసింగ్‌నే పెంచి, లోపల పెద్ద కంప్రెసర్ వీలు వేసే హైబ్రిడ్ చేయించాం. పైపులు, బ్రాకెట్లు ఏవీ మారవు, కింది ఆర్‌పీఎంలో లాగుడు పోదు. వేస్ట్‌గేట్ ఇరుసు అరిగి గలగలమంటోంది కాబట్టి అదీ మార్చారు. హై స్పీడు బ్యాలెన్సింగ్ రిపోర్టు లేకుండా హైబ్రిడ్ టర్బో తీసుకోకండి. 95,000, మూడు వారాలు. ముందు వైపు పెద్ద ఇంటర్‌కూలర్ 45,000. క్లచ్ 68,000. ఫ్లైవీల్ మాత్రం కంపెనీ డ్యూయల్ మాస్ రకమే ఉంచాం. సింగిల్ మాస్ వేస్తే ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ చప్పుడు భరించలేం.

మే మొదటి వారంలో ఇంజిన్ బండిలోకి ఎక్కింది. విప్పి, కట్టి, ఎక్కించిన కూలి 60,000. టర్బో ఆయిల్ పైపులోంచి చేత్తో ఆయిల్ పోసి, ఇంజెక్టర్లు, కాయిల్స్ కనెక్టర్లు తీసేసి, ప్లగ్గులు లేకుండా స్టార్టర్ తిప్పాం. ఆయిల్ ప్రెషర్ గేజ్ లేచేదాకా అసలు స్టార్ట్ చేయకూడదు. ముల్లు లేవడానికి పట్టిన ఆ కొద్ది క్షణాలూ షెడ్డులో ఎవ్వరం మాట్లాడలేదు. లేచింది. అన్నీ తగిలించి తాళం తిప్పితే రెండో తిరుగుడుకే అందుకుంది. నెలల తరబడి ట్రేల్లో చూసిన ముక్కలు ఒక్కటై మోగుతుంటే ఒళ్లు పులకరించింది. ఇరవై నిమిషాలు నడిపి, కారడాలు చూసి, ఆయిల్ దింపి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాం. సన్నటి వెండి పొడి ఉండటం సహజం. గోరుకి తగిలే రేకులుంటే ఆగిపోవాలి.

రింగులు కూర్చునేది మొదటి కొన్ని గంటల్లోనే. బండిని మెల్లగా, ఒకే స్పీడులో నడపడం రన్‌ఇన్ కాదు. మూడో నాలుగో గేరులో సగం యాక్సిలరేటర్‌తో 2,000 నుంచి 4,000 దాకా లాగి, కాలు తీసేసి ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగనివ్వాలి. లాగినప్పుడు గ్యాస్ రింగుని గోడకి ఒత్తుతుంది, వదిలినప్పుడు పైకి లాగే ఆయిల్ గీకుడు పొడిని కడుగుతుంది. మొదట మినరల్ ఆయిల్, 500 కిలోమీటర్ల దగ్గర మార్పు, 1,500 దగ్గర సింథటిక్ 5డబ్ల్యూ-40, 4.6 లీటర్లు. ఈ కాలమంతా కంపెనీ మ్యాపే (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు), బూస్టు (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచలేదు. 1,500 దగ్గర కంప్రెషన్ చూస్తే నాలుగూ 12 బార్ మీద, అర బార్ తేడాలో ఉన్నాయి.

మే చివరి వారంలో బెంగళూరుకి నడుపుకుంటూ వెళ్లి డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేయించాం. ఈ ఇంజిన్ బాష్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) టార్క్ లెక్క మీద నడుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే అది టార్క్ అడగడం. ఈసీయూ దాన్ని గాలి లెక్కకి మార్చి, ఆ గాలికి తగ్గ బూస్టు అడుగుతుంది. బూస్టు ఒక్కటే పెంచి టార్క్ హద్దులు అలాగే ఉంచితే, లెక్క మించిందని థ్రాటిల్‌ని తనే మూసేస్తుంది. రెడీమేడ్ ఫైలు వేసుకున్నవాళ్లు బండి మధ్యలో కుదుపిస్తోందని చెప్పేది చాలావరకు ఇదే. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. ఎక్కువ బూస్టులో స్పార్క్ ఆరిపోకుండా గ్యాప్ తగ్గించాలి.

2,500 ఆర్‌పీఎం లోపు టార్క్‌ని కావాలనే కట్టేయించాను. నేరు ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడులో స్పార్క్‌కి ముందే మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఒక్కసారి జరిగినా పిస్టన్ విరగొచ్చు. గరిష్ఠ టార్క్ 3,000 దగ్గర 370 ఎన్‌ఎం. చక్రాల దగ్గర 205 హార్స్‌పవర్ చూపించింది, మధ్యలో పోయేది కలిపితే ఇంజిన్ దగ్గర 240కి అటూ ఇటూ. డైనో అద్దె, ట్యూన్ కలిపి 70,000.

కానీ బెంగళూరు సంఖ్యతో పని పూర్తయినట్టు కాదు. అది 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, గాలి పీడనం 0.91 బార్ దగ్గర. మేం కోరిన 2.2 బార్ సంపూర్ణ పీడనానికి అక్కడ టర్బో గాలిని 2.4 రెట్లు నొక్కాలి, విజయవాడలో 2.2 రెట్లు చాలు. ఆ రకంగా ఇక్కడ టర్బోకి సుఖం. ఇంజిన్‌కి మాత్రం కష్టం, ఎందుకంటే లోపలికొచ్చే గాలే వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో తిరిగే బండికి 26 డిగ్రీల ఊరి ఇగ్నిషన్ టైమింగ్ సరిపోతుందని అనుకోకూడదు. ట్యూన్ చేసినాయనతో ముందే మాట్లాడుకున్నాం: తిరిగొచ్చాక ఇక్కడి లాగ్‌లు (నడుపుతూ రికార్డు చేసిన ఈసీయూ రీడింగులు) పంపుతాం, దాన్నిబట్టి ఇంకోసారి సరిచేయాలి, అది ధరలోనే.

జూన్ మొదటి వారం చివర్లో, 40 డిగ్రీల మధ్యాహ్నం లాగ్‌లు తీశాం. చూడాల్సినవి నాలుగు: ఒక్కో సిలిండర్‌కి నాక్ (డిటొనేషన్ చప్పుడు) వల్ల ఈసీయూ వెనక్కి లాగిన టైమింగ్, అడిగిన బూస్టుకీ అందిన బూస్టుకీ తేడా, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు), పెట్రోల్ రైలు ప్రెషర్. వీసీడీఎస్‌లో (వోక్స్‌వ్యాగన్ బళ్లని పరీక్షించే సాఫ్ట్‌వేర్) మొదటిది 020 గ్రూపు, రెండోది 115. ఒక సిలిండర్‌లో ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పోవడం పట్టించుకోనక్కర్లేదు. మాకు రెండు, మూడు సిలిండర్లలో 5,000 పైన ఆరు డిగ్రీల దాకా పోయింది. పైగా 4,500 తర్వాత బూస్టు అడిగినదానికంటే 0.15 తక్కువ. రెండూ వేరువేరు కారణాలు. బూస్టు సంగతి పొగ యంత్రం పెడితే తేలింది, ఇంటర్‌కూలర్ కింది హోసు క్లాంపు దగ్గర లీకు. దాన్ని టి-బోల్టు క్లాంపుతో బిగించాక తేడా పోయింది. లీకున్నప్పుడు టర్బో ఆ లోటు పూడ్చడానికి మరింత తిరిగి గాలిని ఇంకా వేడెక్కిస్తుంది, కాబట్టి నాక్ చూసేముందు లీకు మూయాలి. మూశాక నాక్ నాలుగు డిగ్రీలకి దిగింది. మిగతాదానికి పై ఆర్‌పీఎంలో 1.5 డిగ్రీలు తగ్గించి, గాలి ఉష్ణోగ్రత 50 దాటితే బూస్టు దానంతటదే తగ్గేలా కొత్త ఫైలు పంపారు. వరసగా మూడు లాగుళ్లకి పాత ఇంటర్‌కూలర్‌తో గాలి 68 దాకా పోయేది, ఇప్పుడు 51 దగ్గర ఆగుతోంది.

పెట్రోల్ గురించి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి గాలి నిష్పత్తి 14.7 కాదు, 13.5 చుట్టుపక్కల. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ పెట్రోల్ కొట్టాలి, హై ప్రెషర్ పంపు మీద అంత భారం. లాగ్‌లో రైలు ప్రెషర్ 150 అడిగితే 145 కిందికి పోలేదు కాబట్టి పంపు మార్చలేదు. పెద్ద టర్బోకి వెళ్లేవాళ్లకి ఇది సరిపోదు. 100 ఆక్టేన్ మీద ట్యూన్ చేస్తే ఇంకో 15 వస్తాయన్నారు. అప్పట్లో లీటరు 160 దగ్గర, అదీ దారిలో ప్రతిచోటా దొరకదు. ఒంగోలు దాటాక దొరకని పెట్రోల్ మీద మ్యాపు పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఒక మాట చట్టం గురించి. కంపెనీ నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆంక్షలున్న పని. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, జైలు కూడా రాసి ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. మా బండికి 2027లో పదిహేనేళ్లు నిండి ఫిట్‌నెస్‌కి వెళ్లాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీయలేదు, సైలెన్సర్ కంపెనీదే. పొల్యూషన్ పరీక్షలో ఇబ్బంది రాలేదు.

మొత్తం ఖర్చు ఏడు లక్షలు దాటింది, ఆయిళ్లు, కూలెంట్, ప్రయాణాలు కాకుండా. బండిని అమ్మితే అంతకు తక్కువే వస్తుంది. ఇందులో కేవలం పవర్ కోసం పెట్టింది టర్బో, ఇంటర్‌కూలర్, క్లచ్, ట్యూన్ కలిపి 2,78,000. మిగతాదంతా ఇంజిన్ నిలబడటానికి. బడ్జెట్ తక్కువైతే తగ్గించుకోవాల్సింది మొదటి భాగంలోనే: పాత టర్బో, పాత క్లచ్‌తో 200 పీఎస్ దగ్గర ఆగిపోవచ్చు. టార్క్ ప్లేటు, బోల్టులు, టెన్షనర్ దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయకండి.

ఇప్పుడు రీబిల్డ్ తర్వాత 4,000 కిలోమీటర్లు దాటింది. ఆయిల్ వెయ్యికి 50 మిల్లీలీటర్ల లోపే తగ్గుతోంది. మార్పు 7,500కి ఒకసారి, ఎండాకాలంలో 5,000కే. నెలకోసారి 020 గ్రూపు లాగ్ తీసి ఫైల్లో పెడుతున్నాను. ఏదైనా సిలిండర్ ఒక్కటే నాలుగు డిగ్రీలు దాటితే ముందు ప్లగ్గు, తర్వాత కాయిల్, ఆ తర్వాత ఇంజెక్టర్ చూస్తాం.